సాఫ్ట్‌వేర్ లైసెన్సుల్లో అస్పష్టమైన ఫీజు షరతులు: చట్టపరమైన చెల్లుబాటు

ఒక కంప్యూటర్ ప్రోగ్రాంపై కాపీరైటు ఉన్నవారు, కొన్ని షరతులకు లోబడి దాన్ని వాడుకోవడానికి ఇతరులకు ఇచ్చే అనుమతిని సాఫ్ట్‌వేర్ లైసెన్సు అంటారు. ఆ అనుమతికి ప్రతిఫలంగా ఎంత సొమ్ము చెల్లించాలో, దాన్ని దేని ఆధారంగా లెక్కగట్టాలో, ఎప్పుడు చెల్లించాలో చెప్పే భాగం ఫీజు షరతు. అంకె వేయకుండా ‘సముచితమైన రుసుము’ అని మాత్రమే రాసినప్పుడు, లేదా అంకె వేసినా అది ఎవరికి, ఎన్నిసార్లు, ఏ వాడుకకు వర్తిస్తుందో చెప్పనప్పుడు ఈ షరతు అస్పష్టమవుతుంది. అప్పుడు లైసెన్సు ఇచ్చినవారు ఆ సొమ్మును కోర్టు ద్వారా రాబట్టుకోగలరా, పుచ్చుకున్నవారు ఒప్పందమే చెల్లదని బయటపడగలరా అన్న ప్రశ్న తలెత్తుతుంది.

భారతదేశం, ఇంగ్లండు, అమెరికా న్యాయవ్యవస్థలు ఈ ప్రశ్నను వేర్వేరు చట్టాల కింద పరిశీలించినా, వాటి జవాబుల్లో ఒక సామాన్య సూత్రం కనిపిస్తుంది. ధర అంకెల్లో లేకపోయినా, దాన్ని తేల్చడానికి ఒప్పందంలోనో, ఉభయుల పూర్వ వ్యవహారంలోనో, ఆ వ్యాపారపు ఆనవాయితీలోనో ఒక కొలబద్ద దొరికితే షరతు నిలబడుతుంది. ఏ కొలబద్దా దొరకనప్పుడే అది వీగిపోతుంది. అస్పష్టత కారణంగా ఒప్పందం మొత్తం రద్దు కావడం అరుదు. ఒప్పందం నిలబడి, దాని అర్థాన్ని ఉభయుల్లో ఒకరు ఏమాత్రం ఊహించని రీతిలో కోర్టు తేల్చడమే తరచుగా జరుగుతుంది కాబట్టి, ‘రాత సరిగా లేదు, ఎలాగూ చెల్లదు’ అన్న ధీమాతో సంతకం చేయడం అన్నిటికన్నా ప్రమాదకరం.

అస్పష్టత తీరులు

ఫీజు షరతుల్లోని అస్పష్టతను నాలుగు రకాలుగా విడదీయవచ్చు. మొదటిది మొత్తానికి సంబంధించినది: ‘ఉభయులూ తర్వాత అంగీకరించే ఫీజు’, ‘సహేతుకమైన ఫీజు’ వంటి మాటలు ఈ కోవలోకి వస్తాయి. రెండోది కొలమానానికి సంబంధించినది: ఒక్కో వాడుకదారుకు ఇంత, ఒక్కో ప్రాసెసర్‌కు ఇంత, ఒక్కో ఇన్‌స్టలేషన్‌కు ఇంత అని ధర స్పష్టంగా ఉన్నా, వాడుకదారు అంటే ఎవరో, ఏది ఒక ఇన్‌స్టలేషన్ కిందికి వస్తుందో తెలియకపోవడం. మూడోది సందర్భానికి సంబంధించినది: ‘సాఫ్ట్‌వేర్ అమల్లోకి వచ్చాక’ చెల్లించాలని రాసి, పరీక్షార్థం నడిపిన రోజును లెక్కలోకి తీసుకోవాలో, సిబ్బంది అందరూ వాడడం మొదలుపెట్టిన రోజును తీసుకోవాలో చెప్పకపోవడం. నాలుగోది అధికారానికి సంబంధించినది: ఫీజును ఎప్పటికప్పుడు మార్చే హక్కు లైసెన్సు ఇచ్చే సంస్థకు ఉంటుందని రాసి, ఆ హక్కుకు హద్దు చెప్పకపోవడం. మొదటి రకం గురించి న్యాయగ్రంథాలు విస్తారంగా చర్చించినప్పటికీ, ఇటీవలి పెద్ద వివాదాలు రెండో, నాలుగో రకాల చుట్టూ నడిచాయి.

భారత ఒప్పందాల చట్టం

భారత ఒప్పందాల చట్టం, 1872లోని 29వ సెక్షన్ ప్రకారం, అర్థం నిశ్చయంగా తెలియనివి, నిశ్చయంగా తేల్చడానికి వీలులేనివి అయిన ఒప్పందాలు చెల్లవు. ఈ రెండో మాటలోనే సెక్షన్ సారమంతా ఉంది. రాసిన నాటికి అర్థం తేలకపోయినా తేల్చే మార్గం ఉంటే ఒప్పందం చెల్లుతుంది. సెక్షన్ కింద చట్టమే ఇచ్చిన ఉదాహరణల్లో రెండు ధరకు సంబంధించినవి. వెయ్యి మణుగుల బియ్యాన్ని మూడో వ్యక్తి నిర్ణయించే ధరకు అమ్ముతానన్న ఒప్పందం చెల్లుతుంది, ఎందుకంటే ధరను తేల్చే మనిషి ఎవరో అందులో ఉంది. తెల్లగుర్రాన్ని 500 రూపాయలకో, 1,000 రూపాయలకో అమ్ముతానన్న ఒప్పందం చెల్లదు, ఎందుకంటే అంకెలు రెండూ స్పష్టంగా ఉన్నా వాటిలో దేన్ని ఎంచుకోవాలో చెప్పే ఆధారం లేదు. మరో ఉదాహరణలో, కొబ్బరినూనె మాత్రమే అమ్మే వర్తకుడు వంద టన్నుల ‘నూనె’ అమ్ముతానంటే, అతని వ్యాపారాన్ని బట్టే అది కొబ్బరినూనె అని తేలుతుంది. అంకె లేని ఒప్పందం నిలబడవచ్చుననీ, అంకెలున్న ఒప్పందం కూలిపోవచ్చుననీ, చుట్టూ ఉన్న పరిస్థితి మాటకు అర్థం ఇవ్వగలదనీ ఈ ఉదాహరణలు బోధిస్తాయి.

పరిస్థితులను సాక్ష్యంగా చూపే వీలుకు ఒక హద్దు ఉంది. రాత చదివిన వెంటనే లోపం కనబడే సందర్భంలో, ఆ లోపాన్ని పూరించడానికి బయటి సాక్ష్యాన్ని అనుమతించకూడదని 1872 నాటి సాక్ష్య చట్టం 93వ సెక్షన్ చెప్పేది. 2024 జులై 1 నుంచి ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ కూడా ఈ సూత్రాన్ని కొనసాగించింది. అందువల్ల లైసెన్సు పత్రంలో ఫీజు గడి ఖాళీగా వదిలేసి, ‘మాటల్లో ఇంత అనుకున్నాం’ అని తర్వాత నిరూపించబోయేవారికి దారి కష్టమవుతుంది. రాత పైకి స్పష్టంగా ఉండి, వాస్తవ పరిస్థితులకు అన్వయించినప్పుడే సందిగ్ధం బయటపడితే మాత్రం సాక్ష్యం ఇవ్వవచ్చు.

వాణిజ్య ఒప్పందాలను వీలైనంతవరకు నిలబెట్టాలన్నది సుప్రీంకోర్టు వైఖరి. ధన్‌రాజ్‌మల్ గోవింద్‌రామ్ వర్సెస్ శ్యామ్‌జీ కాళిదాస్ కేసులో (1961), ‘మామూలుగా ఉండే ఫోర్స్ మెజూర్ క్లాజుకు (అనివార్య విపత్తుల్లో బాధ్యత నుంచి మినహాయించే షరతుకు) లోబడి’ అన్న రాత అస్పష్టమన్న వాదనను కోర్టు తోసిపుచ్చి, ఆ వర్తకంలో మామూలు ఏమిటో సాక్ష్యంతో తేల్చుకోవచ్చునంది. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన కొల్లిపర శ్రీరాములు వర్సెస్ టి. అశ్వత్థనారాయణ కేసులో (1968), ధర వంటి ముఖ్యాంశాలు కుదిరాక, సొమ్ము ఏ పద్ధతిలో చెల్లించాలో తేలకపోయినంత మాత్రాన ఒప్పందం వీగిపోదని తీర్పు వచ్చింది. ఫీజు మొత్తం కుదిరి, వాయిదాల తీరు మాత్రం రాయని లైసెన్సులకు ఈ సూత్రం నేరుగా పనికివస్తుంది.

సాఫ్ట్‌వేరు సరుకు అవుతుందా

ధర రాయని సందర్భంలో ఏం చేయాలో వస్తు విక్రయ చట్టం, 1930 స్పష్టంగా చెప్పింది. ధరను ఒప్పందంలో నిర్ణయించవచ్చు, నిర్ణయించే పద్ధతిని అందులో చెప్పి వదిలేయవచ్చు, లేదా ఉభయుల మధ్య సాగుతున్న వ్యవహార సరళిని బట్టి తేల్చవచ్చు. ఈ మూడూ లేనప్పుడు కొన్నవారు సహేతుకమైన ధర చెల్లించాలని 9వ సెక్షన్ ఆదేశిస్తుంది. 10వ సెక్షన్ ప్రకారం, మూడో వ్యక్తి వెలకట్టాలని రాసుకొని ఆ వ్యక్తి వెలకట్టకపోతే ఒప్పందం రద్దవుతుంది. అప్పటికే సరుకు అంది, కొన్నవారు దాన్ని స్వీకరించి ఉంటే సహేతుకమైన ధర చెల్లించాలి. ఈ రక్షణ సాఫ్ట్‌వేర్ లైసెన్సుకు అందాలంటే, సాఫ్ట్‌వేరు ‘సరుకు’ అనీ, లావాదేవీ ‘అమ్మకం’ అనీ తేలాలి.

ఈ విషయంలో మూలస్తంభం వంటి తీర్పు తెలుగు రాష్ట్రపు పన్ను వివాదం నుంచే వెలువడింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో ఐదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 2004 నవంబరులో తీర్పు చెబుతూ, సీడీల వంటి మాధ్యమాల్లోకి ఎక్కించి మార్కెట్లో అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేరు ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం, 1957 కింద సరుకేనని నిర్ధారించింది. అమ్మకపు పన్ను కోసం చెప్పిన మాట అన్ని ఒప్పందాలకూ యథాతథంగా వర్తించదు. అయినా, 2021 మార్చి 2న ఇంజనీరింగ్ అనాలిసిస్ సెంటర్ కేసులో ఆదాయపు పన్ను సందర్భంగా సుప్రీంకోర్టు, తుది వాడుకదారుకు ఇచ్చే సాధారణ లైసెన్సులో కాపీరైటు హక్కు ఏదీ చేతులు మారదనీ, అక్కడ జరిగేది సాఫ్ట్‌వేరు ప్రతి అమ్మకమేననీ చెప్పడంతో, పెట్టెలో అమ్మే సాఫ్ట్‌వేరుకు 9వ సెక్షన్‌ను అన్వయించాలన్న వాదన బలపడింది. ఒక సంస్థ కోసం ప్రత్యేకంగా రాసిచ్చే ప్రోగ్రాంలు, ఇంటర్నెట్ ద్వారా నెలవారీ చందాకు అందించే క్లౌడ్ సేవలు ఈ చట్రంలో అంత సులువుగా ఇమడవు. అక్కడ ఒప్పందాల చట్టమే దిక్కు.

కాపీరైటు చట్టంలోని రాయల్టీ నిబంధన

కాపీరైటు చట్టం, 1957 కంప్యూటర్ ప్రోగ్రాంలను సాహిత్య రచనల కోవలో చేర్చింది. 30వ సెక్షన్ కింద హక్కుదారు ఇచ్చే లైసెన్సు లిఖితపూర్వకంగా ఉండాలి. హక్కుల బదిలీకి 19వ సెక్షన్ పెట్టిన నియమాలు, తగిన మార్పులతో, 30ఏ సెక్షన్ ద్వారా లైసెన్సులకు కూడా వర్తిస్తాయి. ఆ నియమాల్లో, చెల్లించాల్సిన రాయల్టీని, ఇతర ప్రతిఫలాన్ని పత్రంలో పేర్కొనాలన్నది ఒకటి. గడువు రాయకపోతే 5 సంవత్సరాలని, ప్రాంతం రాయకపోతే భారతదేశమంతటికీ అని భావించాలని అదే సెక్షన్ లోటు తీరుస్తుంది గాని, రాయల్టీ మొత్తం రాయకపోతే ఎంతగా భావించాలో చెప్పదు. మొత్తం రాయని లైసెన్సు ఆ కారణంగానే చెల్లదని కూడా అనదు. ఈ ఖాళీ వల్ల, హక్కుల బదిలీకి లేదా మార్పుచేర్పులకు అనుమతించే పెద్ద లైసెన్సుల్లో ఫీజును వదిలేయడం, పెట్టెలో అమ్మే సాఫ్ట్‌వేరు విషయంలో కన్నా ఎక్కువ చిక్కు తెస్తుంది.

ఇంగ్లండు తీర్పుల పరంపర

భారత కోర్టులు తరచుగా ప్రస్తావించే ఆంగ్ల తీర్పుల్లో, 1929లో, అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ నిర్ణయించిన మే అండ్ బుచర్ వర్సెస్ రాజు కేసు ప్రధానమైనది. యుద్ధానంతరం మిగిలిన గుడారాల సామగ్రిని ఎప్పటికప్పుడు అంగీకరించుకొనే ధరకు అమ్మాలన్న ఏర్పాటు అసలు ఒప్పందమే కాదని తేలింది. ధర విషయంలో మౌనంగా ఉంటే సహేతుకమైన ధరను చట్టం ఊహిస్తుంది. తర్వాత తామే అంగీకరించుకుంటామని ఉభయులు రాసుకున్నప్పుడు మాత్రం, వారు తమ చేతుల్లో ఉంచుకున్న నిర్ణయాన్ని కోర్టు లాక్కోదు. అందువల్ల ‘తర్వాత మాట్లాడుకుందాం’ అన్న రాత ఏమీ రాయకపోవడం కన్నా బలహీనమైనదని ఈ తీర్పు నుంచి గ్రహించాలి.

తర్వాతి తీర్పులు ఈ కాఠిన్యాన్ని సడలించాయి. హిల్లాస్ వర్సెస్ ఆర్కోస్ కేసులో (1932), రష్యా కలప కొనుగోలుకు మరుసటి సంవత్సరానికి ఇచ్చిన ఆప్షన్‌లో పెక్కు వివరాలు లేకపోయినా, ముందటి సంవత్సరపు వ్యవహారాన్ని చూసి ప్రభువుల సభ దాన్ని నిలబెట్టింది. అక్కడి ధర అధికారిక ధరల పట్టికపై 5 శాతం తగ్గింపుగా ఉంది. కంపెనీ ధరల పట్టికను ఆధారం చేసుకొని రాసే నేటి సాఫ్ట్‌వేర్ లైసెన్సులకు ఇది పూర్వరూపం. ఫోలీ వర్సెస్ క్లాసిక్ కోచెస్ కేసులో (1934), పెట్రోలు ధరను ఎప్పటికప్పుడు అంగీకరించుకోవాలన్న ఒప్పందాన్ని కోర్టు సమర్థించడానికి రెండు కారణాలున్నాయి: ఉభయులూ అప్పటికి కొన్నేళ్లుగా దాని ప్రకారం నడుచుకున్నారు, తగవు వస్తే మధ్యవర్తి తేల్చాలన్న క్లాజు అందులో ఉంది. దీనికి భిన్నంగా స్కామెల్ వర్సెస్ ఔస్టన్ కేసులో (1941), వ్యాను అమ్మకానికి ‘హైర్ పర్చేజ్ (వాయిదాల కొనుగోలు) షరతులపై’ అని మాత్రమే రాశారు. ఆ షరతులు అనేక రకాలుగా ఉండడం, ఒప్పందం ఇంకా అమలు కాకపోవడం వల్ల అది నిలబడలేదు.

సడ్‌బ్రూక్ ట్రేడింగ్ ఎస్టేట్ వర్సెస్ ఎగల్టన్ కేసులో (1982), ఇద్దరు వాల్యుయర్లు ధర నిర్ణయించాలని రాసుకొని, ఒక పక్షం తన వాల్యుయరును నియమించకుండా మొండికేసింది. అసలు ఉద్దేశం న్యాయమైన ధర అయినప్పుడు, అందుకు ఏర్పరచుకున్న సాధనం పనిచేయకపోతే కోర్టే ఆ ధరను తేల్చగలదని ప్రభువుల సభ చెప్పింది. 2019లో బ్రిటన్ సుప్రీంకోర్టు వెల్స్ వర్సెస్ దేవాని కేసులో, ఇళ్ల అమ్మకపు ఏజెంటుకు రావాల్సిన కమిషన్ ఏ ఘట్టంలో చెల్లించాలో మాటల్లో తేలకపోయినా, అమ్మకం పూర్తయి సొమ్ము చేతికి వచ్చినప్పుడే చెల్లించాలన్నది ఇంగితమున్న ఎవరికైనా అర్థమవుతుందని ఒప్పందాన్ని నిలబెట్టింది. సాఫ్ట్‌వేరు ‘అమల్లోకి వచ్చాక’ ఫీజు చెల్లించాలన్న రాతల విషయంలో ఈ తీర్పు బలమైన ఆధారం.

అమెరికా, ఐరోపా

అమెరికా రాష్ట్రాల్లో అమల్లో ఉన్న యూనిఫాం కమర్షియల్ కోడ్‌లోని 2-305 సెక్షన్, ధర తేలకపోయినా ఒప్పందానికి కట్టుబడాలన్న ఉద్దేశం ఉభయులకూ ఉంటే ఒప్పందం చెల్లుతుందనీ, అప్పుడు సరుకు అందజేసేనాటి సహేతుకమైన ధర వర్తిస్తుందనీ చెబుతుంది. ధర నిర్ణయించే అధికారం ఒక పక్షానికే ఇస్తే, ఆ పక్షం దాన్ని సద్భావంతో వాడాలి. ధర కుదిరితేనే కట్టుబడతామన్న ఉద్దేశం ఉండి అది కుదరకపోతే మాత్రం ఒప్పందం లేనట్టే. ఈ కోడ్ సరుకులకు వర్తించేది. అడ్వెంట్ సిస్టమ్స్ వర్సెస్ యూనిసిస్ కేసులో (1991) ఫెడరల్ అప్పీలు కోర్టు సాఫ్ట్‌వేరును సరుకుగా పరిగణించింది. కోడ్ పరిధిలోకి రాని ఒప్పందాల్లో కోర్టులు కఠినంగా ఉండవచ్చు: న్యూయార్క్ అప్పీలు కోర్టు 1981లో షూమాకర్ కేసులో, తర్వాత అంగీకరించుకొనే అద్దెకు లీజును పొడిగించాలన్న షరతు చెల్లదంది.

ఐరోపాలో జర్మనీ సివిల్ కోడ్ 315వ సెక్షన్, ఒక పక్షానికి వదిలేసిన నిర్ణయం న్యాయబద్ధంగా ఉండాలనీ, లేకపోతే కోర్టే దాన్ని నిర్ణయిస్తుందనీ చెబుతుంది. ఫ్రాన్సులో 2016 సంస్కరణ తర్వాత సివిల్ కోడ్ 1164వ అధికరణం, దీర్ఘకాలిక మూల ఒప్పందాల్లో ధరను ఒక పక్షమే నిర్ణయించడాన్ని అనుమతిస్తూనే, వివాదం వస్తే ఆ మొత్తానికి కారణం చూపే భారాన్ని ఆ పక్షం మీదే పెట్టింది. ధర నిర్ణయించే స్వేచ్ఛను ఇచ్చి, దాని దుర్వినియోగాన్ని అదుపులో ఉంచడం ఈ రెండు విధానాల్లోనూ కనిపించే పద్ధతి.

కొలమానం మీద వచ్చిన వివాదాలు

కొలమానపు అస్పష్టత ఎంత దూరం పోగలదో ఎస్‌ఏపీ వర్సెస్ డియాజియో కేసు చూపించింది. మద్యం తయారీ సంస్థ డియాజియో, తన వ్యాపార లెక్కలన్నీ నడిపే ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేరుకు 2004లో లైసెన్సు తీసుకుంది. ఫీజు ప్రధానంగా ‘పేరున్న వాడుకదారుల’ లెక్కన ఉంది; సాఫ్ట్‌వేరును నేరుగా గాని, పరోక్షంగా గాని వాడే వ్యక్తులు ఆ నిర్వచనంలోకి వచ్చారు. కొన్నేళ్లకు డియాజియో, సేల్స్‌ఫోర్స్ అనే మరో సంస్థ సాఫ్ట్‌వేరు వేదికపై రెండు కొత్త వ్యవస్థలను నిర్మించింది. ఒకదాన్ని అమ్మకపు ప్రతినిధులు వాడేవారు. రెండోదాని ద్వారా, అంతవరకు కాల్ సెంటరుకు ఫోన్ చేసి సరుకు పురమాయించే ఖాతాదారులు నేరుగా ఇంటర్నెట్‌లోనే ఆర్డరు పెట్టడం మొదలుపెట్టారు. ఆ ఆర్డరు మధ్యలో మరో ఎస్‌ఏపీ అనుసంధాన సాఫ్ట్‌వేరు గుండా ప్రయాణించి అసలు వ్యవస్థకు చేరేది. అనుసంధాన సాఫ్ట్‌వేరుకు వేరుగా ఫీజు కట్టాం కాబట్టి దాని గుండా వచ్చే వాడుక అంతటికీ అనుమతి ఉన్నట్టేనని డియాజియో వాదించింది. 2017 ఫిబ్రవరి 16న ఇంగ్లండు హైకోర్టు ఈ వాదనను తిరస్కరించి, పరోక్ష వాడుక కూడా వాడుకేనని, దానికి వాడుకదారుల లెక్కన ఫీజు రావాలని తీర్పు చెప్పింది. ఎస్‌ఏపీ కోరింది 5.4 కోట్ల పౌండ్లకు పైమాటే. ఎంత చెల్లించాలన్నది మాత్రం ఆ తీర్పులో తేల్చకుండా తర్వాతి దశకు విడిచిపెట్టారు.

ఆ షరతు చెల్లదని ఎవరూ అనలేదు. తగవంతా దాని అర్థం మీదే నడిచింది. ‘పరోక్షంగా’ అన్న ఒక్క మాట, లైసెన్సు రాసుకున్ననాటికి లేని వ్యాపార పద్ధతిని కూడా తన పరిధిలోకి లాక్కుంది. 2018లో ఎస్‌ఏపీ, ఇటువంటి వాడుకకు వ్యక్తుల సంఖ్యను వదిలి, వ్యవస్థలో పుట్టే పత్రాల సంఖ్యను లెక్కించే కొత్త విధానాన్ని ప్రవేశపెట్టింది.

గేములు తయారుచేసే సాఫ్ట్‌వేరు యూనిటీ విషయంలో వివాదం కోర్టుకు చేరకుండానే ముగిసింది. 2023 సెప్టెంబరు 12న ఆ సంస్థ, నిర్ణీత ఆదాయాన్ని, ఇన్‌స్టలేషన్ల సంఖ్యను దాటిన ప్రతి గేముకు, 2024 జనవరి 1 నుంచి ఒక్కో ఇన్‌స్టలేషన్‌కు గరిష్ఠంగా 20 అమెరికన్ సెంట్ల వరకు రుసుము వసూలు చేస్తామని ప్రకటించింది. ధర స్పష్టంగానే ఉంది. అయితే ఒకే మనిషి తీసేసి మళ్లీ ఎక్కించుకుంటే అది రెండో లెక్కా, దొంగ ప్రతులను లెక్కలోంచి ఎలా తీసేస్తారు అన్న ప్రశ్నలకు నిలకడైన జవాబు రాలేదు. లెక్కింపు యూనిటీ సొంత అంచనా పద్ధతి మీద ఆధారపడింది, దాన్ని సరిచూసుకొనే దారి గేము తయారీదారుకు లేదు. నిరసన వెల్లువెత్తడంతో సెప్టెంబరు 22న సంస్థ నిబంధనలను సవరించి, 2024 నుంచి విడుదలయ్యే కొత్త వెర్షన్లకే రుసుమును పరిమితం చేసి, 2.5 శాతం ఆదాయ వాటాను ప్రత్యామ్నాయంగా ఇచ్చింది; 2024 సెప్టెంబరులో ఈ రుసుమునే ఎత్తివేసింది. ఒక పక్షం మాత్రమే చూడగల లెక్క మీద కట్టిన ఫీజు, చట్టంలో నిలబడినా వ్యాపారంలో నిలబడదని ఈ ఉదంతం తెలిపింది.

స్వేచ్ఛా లైసెన్సుల్లో ఫీజు మాట

ఉచితంగా పంచిపెట్టే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరులో కూడా ఫీజు షరతులు ఉంటాయి. జీఎన్‌యూ జనరల్ పబ్లిక్ లైసెన్సు రెండో వెర్షన్ (1991), సోర్స్ కోడ్‌ను లిఖిత హామీ ద్వారా తర్వాత అందించేవారు దాన్ని భౌతికంగా పంపిణీ చేయడానికయ్యే తమ ఖర్చును మించి వసూలు చేయరాదంటుంది. ఖర్చును లెక్కగట్టి చూపవచ్చు కాబట్టి ఇది నిశ్చయంగా తేల్చగలిగిన షరతే. లారీ వాల్ పెర్ల్ ప్రోగ్రామింగ్ భాష కోసం రాసిన తొలి ఆర్టిస్టిక్ లైసెన్సు ‘సహేతుకమైన ప్రతి రుసుము’ను అనుమతించి, దాన్ని కాపీరైటు హక్కుదారుకు సమర్థించి చెప్పనక్కర్లేదనీ, కంప్యూటింగ్ సమాజానికి సమర్థించుకోగలిగితే చాలుననీ నిర్వచించింది. ఒక సమాజపు ఆమోదాన్ని ఏ కోర్టు ఏ సాక్ష్యంతో కొలుస్తుందో చెప్పడం కష్టం. ఈ లైసెన్సు మరీ అస్పష్టంగా ఉందని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ విమర్శించింది కూడా. అయినా జేకబ్‌సన్ వర్సెస్ కాట్జర్ కేసులో (2008), అదే లైసెన్సులో రచయిత పేరు పేర్కొనడం వంటి షరతులను అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు అమలు చేయదగినవిగా గుర్తించింది. రుసుము నిర్వచనం అక్కడ చర్చకు రాలేదు గాని, ఒక భాగంలోని వదులుతనం మిగతా షరతులను కూల్చదని ఆ తీర్పు ద్వారా గ్రహించవచ్చు.

సాఫ్ట్‌వేర్ లైసెన్సులకు చేరువలోనే ఉన్న పేటెంట్ల రంగంలో ‘న్యాయమైన, సహేతుకమైన, వివక్ష లేని’ ఫీజుకు లైసెన్సు ఇస్తామన్న హామీని కోర్టులు అంకెగా మార్చగలిగాయి. అన్‌వైర్డ్ ప్లానెట్ వర్సెస్ హువావే కేసులో (2020) బ్రిటన్ సుప్రీంకోర్టు, ప్రపంచవ్యాప్త లైసెన్సుకు ఆ ఫీజును కోర్టు నిర్ణయించవచ్చునని చెప్పింది. 2024 మార్చిలో ఢిల్లీ హైకోర్టు, పేటెంట్ల వివాదంలో ఎరిక్‌సన్‌కు లావా సంస్థ 244 కోట్ల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. ఇతర సంస్థలతో కుదిరిన లైసెన్సుల ధరలు పోల్చి చూడడానికి దొరికినప్పుడు, ‘సహేతుకం’ అన్న మాట కొలవదగినదేనని ఈ తీర్పులు రుజువు చేశాయి.

ఏకపక్షంగా ఫీజు మార్చే హక్కు

కుదిరిన ఒప్పందాన్ని మార్చాలంటే ఉభయుల అంగీకారం కావాలని భారత ఒప్పందాల చట్టం 62వ సెక్షన్ సూచిస్తుంది. అమెరికాలో డగ్లస్ వర్సెస్ టాక్ అమెరికా కేసులో (2007), అదనపు ఛార్జీలతో సహా మార్చిన షరతులను వెబ్‌సైట్‌లో పెట్టి ఊరుకుంటే, వాటిని రోజూ వెళ్లి చూసుకొనే బాధ్యత ఖాతాదారుపై లేదనీ, తెలియని మార్పుకు అంగీకారం ఉండదనీ అప్పీలు కోర్టు చెప్పింది. భారతదేశంలో వ్యక్తిగత అవసరానికి సాఫ్ట్‌వేరు కొన్నవారికి వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అండగా నిలుస్తుంది. వినియోగదారు హక్కులను గణనీయంగా మార్చే అన్యాయమైన ఒప్పందాలను అది నిర్వచించి, వాటిపై రాష్ట్ర, జాతీయ కమిషన్లలో ఫిర్యాదు చేసే వీలు కల్పించింది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నిషేధించిన 13 మోసపూరిత డిజిటల్ పద్ధతుల్లో, ధరను చివరిదాకా పూర్తిగా చూపకపోవడం, చందా వలలో చిక్కించడం, క్లౌడ్ సాఫ్ట్‌వేరు చందాను తెలియకుండా వసూలు చేస్తూ పోవడం కూడా ఉన్నాయి. వ్యాపారం కోసం కొన్న సంస్థలకు ఈ రక్షణ అందదు. వాటి తగవులు నిర్ణీత విలువ దాటితే హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి చోట్ల ఉన్న వాణిజ్య వివాదాల కోర్టులకు, లేదా ఒప్పందంలో రాసుకున్న మధ్యవర్తికి చేరతాయి.

షరతు చెల్లకపోతే ఏమవుతుంది

ఫీజు షరతు చెల్లదని తేలినా, సాఫ్ట్‌వేరు ఉచితమైపోదు. చెల్లని ఒప్పందం కింద పొందిన లాభాన్ని తిరిగి ఇవ్వాలని, లేదా దానికి పరిహారం చెల్లించాలని ఒప్పందాల చట్టం 65వ సెక్షన్ చెబుతుంది. ఉచితంగా ఇచ్చే ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పనివల్ల మరొకరు ప్రయోజనం పొందితే, ఒప్పందం లేకపోయినా పరిహారం చెల్లించాలని 70వ సెక్షన్ ఆదేశిస్తుంది. పశ్చిమ బెంగాల్ రాష్ట్రం వర్సెస్ బి.కె. మండల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని ప్రభుత్వానికి కూడా వర్తింపజేసింది. పైగా లైసెన్సే లేదని తేలితే, జరిగిన వాడుక కాపీరైటు ఉల్లంఘన అయ్యే ప్రమాదం ఉంది. అందువల్ల ఒప్పందమే లేదన్న వాదన, పుచ్చుకున్నవారికి చాలాసార్లు ఉన్న ఇబ్బందిని పెంచుతుంది.

ఆడిట్‌లో అదనపు వాడుక బయటపడితే పూర్తి పట్టిక ధరకు, గతకాలపు వడ్డీతో, జరిమానాతో చెల్లించాలన్న క్లాజులది వేరే లెక్క. ఇవి స్పష్టంగా ఉన్నా, ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ కింద కోర్టు సహేతుకమైన పరిహారమే ఇస్తుంది; రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే. కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో (2015) సుప్రీంకోర్టు, నష్టాన్ని నిరూపించడం సాధ్యమైన చోట నిరూపించాల్సిందేనని స్పష్టం చేసింది.

రాతలో పాటించవలసినవి

ఈ తీర్పులను బట్టి, ఫీజు షరతుకు బలం ఇచ్చే అంశాలను గుర్తించవచ్చు. ప్రతి కొలమానాన్ని విడిగా నిర్వచించి, లోపలికి వచ్చేవాటితోపాటు బయట ఉండేవాటిని కూడా చెప్పాలి. ఉదాహరణకు ఒకే లాగిన్‌ను మూడు షిఫ్టుల సిబ్బంది వాడితే అది ఒక వాడుకదారో ముగ్గురో, వేరే సాఫ్ట్‌వేరు గుండా వచ్చే ఆర్డర్లు లెక్కలోకి వస్తాయో రావో రాయాలి. నమూనా లెక్క ఒకటి అంకెలతో వేసి ఒప్పందానికి జతచేస్తే, తర్వాత వచ్చే సగం తగవులకు అక్కడే జవాబు దొరుకుతుంది. ధరల పట్టికను ప్రస్తావిస్తే ఏ తేదీ నాటి పట్టికో చెప్పాలి. తర్వాత అంగీకరించుకోవాల్సిన ధర ఏదైనా ఉంటే, అంగీకారం కుదరనప్పుడు ఎవరు, ఏ ప్రమాణంతో తేలుస్తారో రాయాలి. ఫీజు మార్చే హక్కుకు ముందస్తు నోటీసు, పెంపుదలకు శాతంలో పరిమితి, నచ్చకపోతే నష్టపోకుండా వైదొలగే అవకాశం ఉండాలి. లెక్కింపు ఒక పక్షం చేతిలో ఉంటే, దాన్ని సరిచూసుకొనే హక్కు రెండో పక్షానికి ఇవ్వాలి.

హైదరాబాదులో ఇరవైమందితో నడిచే స్టార్టప్ సంస్థకు గాని, జిల్లా కేంద్రంలో బిల్లింగ్ సాఫ్ట్‌వేరు కొనే దుకాణదారుకు గాని, పెద్ద కంపెనీ అచ్చువేసి ఇచ్చిన లైసెన్సులో మాట మార్చే బలం చాలా సందర్భాల్లో ఉండదు. అటువంటివారికి కూడా, సంతకానికి ముందే సందేహాలను ఈ-మెయిల్లో అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకొనే అవకాశం ఉంది. ఒప్పందమే తుది మాట అన్న క్లాజు ఉంటే ఆ జవాబుల విలువ తగ్గుతుంది కాబట్టి, వాటిని ఒప్పందానికి అనుబంధంగా చేర్చమని కోరాలి. కోర్టులు ఒప్పందాలను కాపాడడానికే మొగ్గు చూపుతాయి. వాటిని కాపాడే క్రమంలో ఎవరి అర్థం నెగ్గుతుందన్నది మాత్రం, రాసుకున్ననాడు ఎవరు ఎంత శ్రద్ధగా లెక్క అడిగారన్న దాని మీద ఆధారపడుతుంది.